అట్టలు కుట్టినామె పేరు

నిన్న మా బిడ్డ ఫోన్‌లో కంప్యూటర్ల చరిత్ర చదువుతూ ఒక ఫొటో చూపించింది. వరుసగా బొక్కలు పొడిచిన అట్టలు, దారంతో కుట్టి, పాత మగ్గం మీద వేలాడుతున్నాయి. చూడగానే మిషన్ నూనె వాసన ముక్కుకు తగిలినట్టయింది.

మగ్గాల బస్తీ డిండోలిలో నాతో పెరిగిన దోస్తులారా, ఆ అట్టలు గుర్తున్నాయా? చీర మీద ఏ పువ్వు రావాలో మగ్గానికి చెప్పేవి అవే. చిరిగినవి మన ఇళ్లకు వచ్చేవి. ఎండాకాలం వాటితోనే విసురుకున్నాం. మా కిటికీకి కట్టిన అట్టలోంచి పొద్దున్నే నేలంతా వెలుగు చుక్కలు పడేవి.

కొత్త అట్టలను వరుస తప్పకుండా కుట్టే పని మా అమ్మది. ఒకసారి కార్ఖానాలో ఎవరో అట్టలను తారుమారుగా కుట్టి మగ్గం మీదికి ఎక్కించారు. చీర మీద నెమలికి కాళ్ల కింద తల వచ్చింది. అమ్మను పిలిపించారు. ఆమె విప్పి మళ్లీ కుట్టేదాకా సేఠ్ చాయ్ తాగుతూ పక్కనే కూర్చున్నాడు.

కంప్యూటర్‌కు పని చెప్పే పద్ధతికి దారి చూపినవి ఆ అట్టలేనట. బిడ్డ చదివి వినిపిస్తే అమ్మ ఫోన్ అందుకుంది.

"జర పెద్దగ చెయ్యి. కుట్టు మంచిగనే ఉంది. కుట్టినామె పేరేంది?"

"అది రాయలే నానమ్మా. మిషన్ చేసినాయన పేరే ఉంది."

అమ్మ ఫోన్ తిరిగిచ్చేసింది.

అందుకే నేను రాస్తున్నాను. ఆ నెమలి తలను మళ్లీ మెడ మీద నిలబెట్టినామె పేరు రాజవ్వ. మా అమ్మ.