కాలు అందే చోటు

మా మామగారు పోయిన కబురు మా ఇంటికి కుక్క తెచ్చింది. వానలకు ముందు, పురటాసి నెల ఆఖరున ఒక సాయంత్రం ఆయన కుక్క తెల్లోడు ఒంటరిగా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆయన లేకుండా వాడు ఎన్నడూ ఇల్లు చేరినవాడు కాదు. వెనకనే మా తోట పాలేరు వచ్చాడు. అత్తగారి ముఖం చూడలేక గోడవైపు తిరిగి చెప్పాడు.

"గుంట గట్టు మీద కూర్చోని ఉండినారమ్మా. నీళ్ళు కావాల్నా అని అడిగితిని. పలకలేదు."

ఆ గుంట ఈతకొలను కోసం తవ్వుతున్నదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. తమిళనాట ఉన్న మా రాజపాళయానికి ఒక ఈతకొలను కావాలని, మునిసిపాలిటీ సభ్యుడుగా ఉన్న మామగారు ఎంతో కాలంగా పట్టుబట్టారు. ఆ పట్టుదల ఎందుకు వచ్చిందో మాత్రం ఇంట్లోవాళ్ళకే తెలుసు. ఆయన బయట ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు నేను చెప్పవచ్చుననుకుంటాను.

మా ఇళ్ళల్లో కోడలు మామగారితో నేరుగా మాట్లాడదు. మా పుట్టిల్లు మంసాపురం నుంచి నేను కాపురానికి వచ్చిన మొదటి రోజే, ఆయన అరుగు మీద కూర్చుని కుక్కతో అన్నారు: "తెల్లోడా, కోడలితో చెప్పు, మజ్జిగలో ఉప్పు చాలలేదని." నేను తలుపు వెనకనుంచి, "ఇదో తెస్తానని చెప్పు, తెల్లోడా" అన్నాను. వాడు ఆయన వైపు, నా వైపు తల తిప్పి చూశాడు, నిజంగానే మాట మోస్తున్నవాడిలాగా. ఆనాటినుంచి మా ఇద్దరి మాటలూ అలాగే సాగాయి.

అత్తగారికి నవ్వు వచ్చేది. "కుక్కకి పంచాయితీ పని పెట్టినారు ఇద్దరూ. దానికి జీతం ఎవరు ఇచ్చేది?" అనేవారు.

ఆ ఏడే పత్తి ఏరేటప్పుడు ఆడవాళ్ళతో తోటకు వెళ్ళి, బావి మెట్ల మీద పాచికి కాలు జారి నీళ్ళలో పడ్డాను. కాలు కిందికి చాచాను, ఏమీ అందలేదు. ఇంకా చాచాను. ఆ భయం ఇప్పుడు తలుచుకున్నా పాదాలు చల్లబడతాయి. ఎద్దులను తోలుతున్న మామగారు దూకి, నా కొప్పు పట్టి లాగి గట్టు మీద పడుకోబెట్టారు. తన పైపంచె నా మీద కప్పి, అటు తిరిగి నిలబడ్డారు. అప్పుడు కూడా, "తెల్లోడా, పొయ్యి అత్తని పిలుచుకోని రా" అన్నారు. కుక్క కదలలేదు. తడిబట్టలతో ఆయనే పరుగెత్తారు.

ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. కానీ ఆ తరువాత జరిగిన మునిసిపాలిటీ కూటంలోనే ఈతకొలను మాట తెచ్చారు. "మగపిల్లలు బావుల్లో నేర్చుకుంటారు. ఆడపిల్లలు యాడ నేర్చుకునేది?" అని అడిగారట.

"తాగను నీళ్ళు లేని ఊరికి ఈదను కొళమా అన్నా?" అన్నారట ఒకరు.

"ఈదిన నీళ్ళు తెంకాయ తోపుకి పోతాయి. నీళ్ళు వృథా కావు తమ్ముడూ. మనిషి పోతేనే వృథా."

బజారులో మాటలు వేరే. "ఆడవాళ్ళని నీళ్ళలోకి తోస్తారంట" అని ఎగతాళి చేసేవారు. ఆయనకు కోపం వచ్చేది కాదు. "తొయ్యము అప్పా. మెట్లు కడతాము" అనేవారు.

మదురై నుంచి ఇంజినీరు వచ్చినప్పుడు, మా ఇంటి వెనక పత్తి ఆరబోసే కళంలో సున్నంతో కొలను గీతలు గీశారు. ఊరి పెద్దలు చుట్టూ నిలబడ్డారు. అందరూ చిన్నతనంలో ఎండు సొరబుర్ర వీపుకు కట్టించుకుని బావిలోకి తోయించుకున్నవారే. ఈత అంటే వాళ్ళకు లోతు. అందుకే నాలుగు వైపులా నిట్టనిలువు గోడలు, రెండు నిలువుల లోతు అనుకున్నారు. అందరికీ నచ్చింది. మామగారు మాత్రం, నేను కాఫీ పట్టుకుని నిలబడిన తలుపు వైపు చూడకుండా, "తెల్లోడా, కోడలిని అడుగు, ఇది సరిగా ఉండాదా అని" అన్నారు.

అంతమంది మగవాళ్ళూ తలుపు వైపు తిరిగారు. ఆయన కదలకుండా ఆగారు. చివరికి అన్నాను.

"కాలు అందేదానికి చోటు యాడ అని అడుగు, తెల్లోడా."

ఇంజినీరు నవ్వి తమిళంలో, నిలబడడానికి కొలను ఎందుకమ్మా అన్నాడు. మామగారు నవ్వలేదు. "నిలబడినోళ్ళే ఈదుతారు" అన్నారు. వంగి, ఒక పక్క సున్నపు గీతను తన అరికాలితో తుడిచేశారు. ఆ పక్కన చీలమండ దాకా మొదలై మెల్లగా లోతుకు పోయే వాలు వచ్చింది. చుట్టూ గోడ, పొద్దున పూట ఆడవాళ్ళకు అని రాయించారు.

అంతలో యుద్ధం. సిమెంటు దొరకలేదు. అందరూ తరువాత చూద్దామన్నారు. "సిమెంటు సర్కారుది. మన్ను మనదే కదా" అని ఆయన, మునిసిపాలిటీ చూపించిన పొరంబోకు నేలలో ఆ వాలునే ముందు తవ్వించసాగారు. తానూ పార పట్టేవారు. సాయంత్రం వచ్చి, చేతుల మట్టి కడుక్కుంటూ, "తెల్లోడా, ఈ పొద్దు మోకాలి దాకా వచ్చిందని చెప్పు" అనేవారు. కొన్నాళ్ళకు "నడుము దాకా" అన్నారు. అదే నేను విన్న ఆఖరి లెక్క.

ఆయనను పడుకోబెట్టినప్పుడు నేను ఆడవాళ్ళ వెనక వరుసలో ఉన్నాను. అక్కడినుంచి పాదాలు మాత్రమే కనిపించాయి. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి కడిగినా పోలేదు. నా పేరు ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఆయనతో నేను ఒక్క మాటా నేరుగా అనలేదు, నన్ను బతికించినందుకు కూడా.

ఇప్పుడు ఆ గుంట పూడ్చేయాలని కొందరు అంటున్నారు. పూడ్చేవారు ఒక్కసారి తమ ఇంటి ఆడపిల్లల కాళ్ళ వైపు చూసి పూడ్చాలని నా మనవి.

కర్మలు ముగిసిన తరువాత ఐప్పసి నెల వాన పట్టుకుంది. తెరిపి ఇచ్చిన ఒక తెల్లవారుజామున అత్తగారు నన్ను లేపి, "రా, పోదాము" అన్నారు. తెల్లోడు ముందు నడిచాడు. గుంట నిండా ఎర్రటి నీళ్ళు ఉన్నాయి. ఎవరూ లేరు.

"దిగు" అన్నారు అత్తగారు, చీర చెంగు కళ్ళకు అద్దుకుంటూ. "ఆయప్ప తవ్వింది నీకోసరమే కదా."

దిగాను. నీళ్ళు చీలమండకు తగిలాయి, మోకాలికి వచ్చాయి. ఇంకో అడుగు వేశాను, ఇంకొకటి. నడుము దాకా నీళ్ళు వచ్చినా అరికాళ్ళ కింద మెత్తటి మన్ను ఉంది.

"తెల్లోడా," అన్నాను, "కాలు అందుతా ఉండాదని మామతో చెప్పు."

వాడు నా వైపు చూశాడు. తరువాత, ఎప్పటిలాగే, తల తిప్పి ఆయన కూర్చునే గట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.