తోడల్లుడి చెరువులో ఈత

మా అత్తగారింట్లో బొచ్చె చేప పులుసు పెట్టిన రోజు తలకాయ ఎవరి కంచంలో పడుతుందనేది చిన్న విషయమేమీ కాదు. పెళ్ళయిన కొత్తలో అది నా కంచంలోనే పడేది. పెద్దల్లుణ్ణి, అప్పటికి ఒక్కగానొక్క అల్లుణ్ణి. మావయ్యగారు సామర్లకోటలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నేను కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ ఇంజనీరుని. ఇద్దరం షిఫ్టుల గురించి, బాయిలర్ల గురించి కబుర్లు చెప్పుకుంటూ తింటుంటే, అత్తయ్యగారు వెతికి మరీ తలకాయ తీసి నాకు వేసి, "మెల్లగా తినండి బాబూ, ముళ్ళుంటాయి" అనేవారు.

తర్వాత మా మరదలికి పెళ్ళయింది. తోడల్లుడు భీమవరం పక్క చేపల చెరువుల ఆసామి. మొదటిసారి అత్తారింటికి వచ్చినప్పుడే ఐసు పెట్టెలో ఇంత పొడుగు బొచ్చె తెచ్చాడు. తెచ్చినవాడికి వెయ్యకపోతే ఏం బాగుంటుందని అత్తయ్యగారు తలకాయ అతనికి వేశారు. అతను వచ్చిన ప్రతిసారీ చేప తెచ్చాడు. తలకాయ ఇక నా వైపు తిరిగి చూడలేదు. నాకు తోక పక్క ముక్కలు.

నాకు కడుపుమంట. దాచుకునేదేమీ లేదు. పోనీ అతను చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. అతనికి అండి లేకుండా మాట రాదు. నేను గుమ్మంలోకి వస్తే కుర్చీ వదిలి లేస్తాడు. మావయ్యగారి బీపీ మాత్రల పేర్లు అతనికి నోటికొచ్చు. అలాంటివాణ్ణి చూసి ఓర్వలేకపోవడం ఎంత కష్టమో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

నలభై దాటాక డాక్టరు నన్ను నడవమన్నాడు. నేను పరుగెత్తాను. పరుగు నుంచి సైకిలు, సైకిలు నుంచి ఈత, చివరికి మూడూ కలిపి చేసే ట్రయాథ్లాన్ పిచ్చి పట్టుకుంది. అందులోనూ దూరపు పోటీ: ముందు రెండు కిలోమీటర్ల ఈత, ఆ తడి బట్టల మీదే తొంభై కిలోమీటర్ల సైకిలు, ఆపైన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. దీని గురించి అత్తగారింట్లో భోజనాల దగ్గర కాస్త గొప్పగానే చెప్పాను. తోడల్లుడికి లేనిది నాకొకటి దొరికిందని సంబరం. అతను అన్నం కలుపుతూ ఆగి, కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు.

"అన్నయ్యగారూ, నాలాంటివాళ్ళు కూడా రావచ్చాండీ?" అన్నాడు.

రావద్దని ఎలా అంటాను? ఏకులా వచ్చి మేకులా తగులుకోవడమంటే ఇదే.

నేను ఈత నేర్చుకున్నది గోదావరి కాలవలో. సామర్లకోట దగ్గర ఒక వంతెన కింద దిగి, నీళ్ళు పోయే వైపు దిగువనున్న మరో వంతెన దగ్గర తేలేవాణ్ణి. మా ఆవిడ నా తువ్వాలు, చెప్పులు స్కూటర్లో పెట్టుకుని గట్టు మీద వచ్చేది. ఏటికి ఎదురీదొద్దని పెద్దలంటారు కదా, ఆ మాట నేను అక్షరాలా పాటించాను. చేతికి పెట్టుకున్న వాచీ చూసుకుంటే నా వేగం నాకే ముద్దొచ్చేది. నీళ్ళు నన్ను మోసుకుపోతున్నాయన్న సంగతి బాయిలర్లు నడిపే ఇంజనీరుకి తట్టలేదు. డెల్టాలో పుట్టినవాడికి నీళ్ళంటే కదిలేవే.

మార్చి చివర్లో మొదటి పోటీ, విశాఖ అవతల ఒక రిజర్వాయర్లో. కదలని నీళ్ళు. పది బారలు వేసి తలెత్తి చూస్తే ఒడ్డు ఎక్కడున్నది అక్కడే ఉంది. నా వెనకాల దిగిన పెద్దవాళ్ళు, ఆడపిల్లలు నన్ను దాటిపోయారు. గడువు ముగిసిపోయి నిర్వాహకులు ఆపేస్తారేమోనన్న భయంతో, నీళ్ళు మింగుతూ, ఎలాగో ఒడ్డున పడ్డాను. సైకిలు, పరుగు నాకు చేతనైనవే, పూర్తి చేశాను. కానీ తోడల్లుడు చిన్నప్పట్నుంచీ చెరువులో ఈదినవాడు. నేను ముగింపు గీత దాటేసరికి అతను స్నానం చేసి, తల దువ్వుకుని, నాకోసం కొబ్బరిబొండం పట్టుకుని నిలబడ్డాడు.

"మీకోసమే చూస్తున్నానండీ" అన్నాడు. బొండం చల్లగా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రమే మావయ్యగారు ఫోన్ చేశారు. నాకు కాదు, మా ఆవిడకి. స్పీకర్లో వినబడింది. "చిన్నల్లుడుగారు అదరగొట్టేశారంట కదమ్మా! మీ ఆయన కూడా పూర్తి చేశారంటగా, మంచిదే" అన్నారు. ఆ 'కూడా' నాకు వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

నెల తిరక్కుండా ఏప్రిల్ ఆఖరులో ఇంకొక పోటీ ఉందని తెలిసింది. బెంగళూరు దాటాక ఎక్కడో చెరువులో. అంత దగ్గర దగ్గరగా రెండు చెయ్యొద్దని, ఒంటికి విశ్రాంతి కావాలని తెలిసినవాళ్ళు చెప్పారు. ఒళ్ళు వినేదేమో గానీ, కడుపుమంట వినలేదు. పేరు ఇచ్చేశాను.

"ఏవండీ, ఆ మోకాళ్ళు మీవేనా, అద్దెకి తెచ్చుకున్నారా?" అంది మా ఆవిడ.

తోడల్లుడికి ఎలా తెలిసిందో తెలిసింది. "మీరొక్కరే వెళ్తారేంటండీ, నేనూ వస్తాను" అని మర్నాడే అతనూ పేరు ఇచ్చాడు. నాకు కావాల్సిందీ అదే. ఈసారి అతని కంటే ముందు గీత దాటాలి. దాటానన్న మాట మావయ్యగారి నోటి వెంట రావాలి. అంతకు మించి నాకు ఏ పతకమూ అక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే కాలవలు కట్టేశారు. ఏటా వేసవిలో ఆపేసేవే, మరమ్మతులకని. వంతెన మీద నిలబడి చూస్తే అడుగున బురద, గుర్రపుడెక్క, ఎవరిదో చెప్పు. కాకినాడలో సముద్రం ఉంది గానీ, ఆ అలల్లో, హార్బరు పడవల మధ్య ఈదే ధైర్యం నాకు లేదు. స్విమ్మింగ్ పూల్ సెలవుల్లో పిల్లలతో సంతలా ఉంది. కదలని నీళ్ళు కావాలి నాకు. మనుషుల్లేని నీళ్ళు కావాలి. అలాంటివి ఎవరి దగ్గరున్నాయో నాకు తెలుసు. అడిగేందుకు నోరు రాలేదు.

మా ఆవిడ అడిగేసింది, నాకు చెప్పకుండా, చెల్లెలికి ఫోన్ చేసి. పది నిమిషాల్లో అతని ఫోన్. "అన్నయ్యగారూ, మన చెరువుండగా మీరు ఇబ్బంది పడటమేంటండీ? శనివారం వచ్చెయ్యండి."

'మన' చెరువట.

ఆ నెల శని, ఆదివారాలు భీమవరం పక్కనే గడిచాయి. చేపలు పట్టేసి, అడుగు ఎండబెట్టి, కాలవలు కట్టకముందే మళ్ళీ నీళ్ళు పెట్టి ఉంచిన చెరువది. పిట్టలు వాలకుండా కట్టే దారాలు ఇంకా కట్టలేదు. గట్టు మీద కొబ్బరిచెట్ల నీడ సగం నీళ్ళలోకి వాలి ఉండేది. పొద్దున్నే దిగేవాళ్ళం. అతను నా పక్కనే నెమ్మదిగా ఈదుతూ, మధ్యమధ్య ఆగి చూసేవాడు.

"ఊరికే తల పైకెత్తేస్తున్నారండి. ఒడ్డు ఎక్కడికీ పోదండి, మొహం నీళ్ళలో ఉంచండి" అనేవాడు.

అతను చెప్పింది చెప్పినట్టు చేస్తే ముందుకు పోయేవాణ్ణి. ఎంత ముందుకు పోతే అంత మండేది. గెలవడానికి కావాల్సినదంతా ఓడించాల్సినవాడి చేతి మీదుగానే రావాలా?

ఒకరోజు గట్టు మీద ఇడ్లీలు తింటూ, "చేపపిల్ల వెయ్యలేదేంటి ఇంకా? అదను దాటిపోదా?" అని అడిగాను.

"మీ పోటీ అయ్యాక వేద్దాంలెండి. పిల్ల వేస్తే మీరు దిగడానికి ఉండదు కదండీ" అన్నాడు, చట్నీ నా వైపు జరుపుతూ.

ఒక చెరువు, నా కోసం, ఖాళీగా. ఇంకొకరైతే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. నాకు తోచింది వేరు: ఎంత ధీమా ఉంటే ప్రత్యర్థికి ఇంత చేస్తాడు! నన్ను లెక్కలోకే తీసుకోలేదన్న మాట. ఆ పూట అతని కంటే రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను. అదొక్కటే అప్పటికి చేతిలో ఉన్న గెలుపు.

రెండో పోటీలో నీళ్ళలోంచి అతనే ముందు లేచాడు, కానీ నేనూ ఎంతో వెనక లేను. మొదటిసారి దాటిపోయిన మనుషుల్లో సగం మంది ఈసారి నా వెనక ఉన్నారు. సైకిలు మీద ఎత్తుపల్లాల రోడ్డు. ఎత్తు అంటే రైల్వే బ్రిడ్జీ తప్ప తెలియని మా ఇద్దరికీ ప్రాణం మీదకొచ్చింది. మొదటి పోటీ నొప్పులు ఇంకా తొడల్లోనే ఉన్నాయి. పరుగు సగంలో అతని నీలం బనీను కనిపించింది. కుంటుతున్నాడు. నా ఒంట్లో ఎక్కడి సత్తువ ఎక్కడికొచ్చిందో తెలియదు. పక్కనుంచి దాటాను.

"బాగా వెళ్తున్నారండీ అన్నయ్యగారూ! నీళ్ళు తాగండి, ఎండగా ఉంది!" అని వెనకనుంచి అరిచాడు.

గీత దాటి, పతకం మెడలో వేసుకుని, నీడలోకి పోకుండా అక్కడే నిలబడ్డాను. అతని మొహం చూడాలి నాకు. నెల రోజులు ఆ మొహం కోసమే ఈదాను. చాలాసేపటికి కుంటుకుంటూ వచ్చాడు. నన్ను చూడగానే మొహం చేటంతయింది. "ఏవన్నా తిన్నారాండీ?" అన్నాడు. ఎంతసేపైందని అడగలేదు. ముందొచ్చారా అని అడగలేదు. నేను చెప్పబోతుంటే, నా చెయ్యి పట్టుకుని కూర్చుని, బూట్లు విప్పుకోవడం మొదలెట్టాడు.

సామర్లకోటలో రైలు దిగి ఇద్దరం నేరుగా అత్తగారింటికే వెళ్ళాం. మావయ్యగారు గుమ్మంలో పక్కింటాయనతో మాట్లాడుతున్నారు. మా మెడల్లో పతకాలు చూపించి, "మా పెద్దల్లుడుగారు ఈసారి ముందొచ్చారండీ" అన్నారు. నా గుండె పొంగింది. అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది! "మరి ఊరికే వస్తారాండీ? మా చిన్నల్లుడు చెరువు ఖాళీగా పెట్టి మరీ ఈత నేర్పించాడు" అన్నారు.

"అబ్బే, అదేం లేదు మావయ్యగారూ. అన్నయ్యగారికి పట్టుదల ఎక్కువండి" అన్నాడు తోడల్లుడు. అతను నన్ను వెనకేసుకు రావడం పుండు మీద కారంలా ఉంది.

భోజనాలకు కూర్చున్నాం. ముందు రోజే అతను మనిషి చేత పంపించిన బొచ్చె, పులుసై వచ్చింది. అత్తయ్యగారు గరిటెతో వెతికి తలకాయ తీశారు. నేను అలవాటు కొద్దీ అతని కంచం వైపు చూశాను. తలకాయ నా కంచంలో పడింది.

ఎన్నేళ్ళకి! గెలిస్తే ఇలా ఉంటుందన్న మాట అనుకున్నాను. చింతపండు పులుసు వాసన తలకెక్కింది.

"తినండి బాబూ" అన్నారు అత్తయ్యగారు, నవ్వుతూ. "చిన్నబ్బాయి రైల్లోంచి ఫోన్ చేసి మరీ చెప్పాడు, ఈసారి తలకాయ అన్నయ్యగారికే వెయ్యమని."

తలెత్తి చూశాను. అతను కంచంలోకి వంగి, తోక పక్క ముక్కలో ముళ్ళు ఏరుకుంటున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మెల్లగా తినండి, ముళ్ళుంటాయి" అన్నారు అత్తయ్యగారు.

మెల్లగానే తిన్నాను. ఒక్క ముల్లు కూడా వదల్లేదు.