మెడ కలిసిన ట్యూబు

గెలిచిన మనిషి ఉండిపోవాలి గదా, మరి బొమ్మలక్క ఎందుకు వెళ్ళిపోయింది? ఎన్నేళ్ళు ఆలోచించినా ఆమె తమ్ముడికి ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

పాత టీవీల్లోంచి ప్రాణమున్న పిక్చర్ ట్యూబులు విప్పి, వీడియో గేముల పెట్టెలకు వచ్చే కొత్త బోర్డులతో జత కలపడం ఆమె పని. కొట్టు తమ్ముడిది. గేముల హాలు యజమాని తన వెనకగది ఇస్తాను రమ్మని రెండేళ్ళుగా పిలుస్తున్నా, "తమ్ముణ్ణి వదిలి రాను" అనేది.

ఆ రోజు గుమ్మంలో పాత సామాన్ల బండి ఆగింది.

"మధ్యాహ్నంలోపు ఈ పెట్టెలో బొమ్మ రావాలక్కా. లేదంటే వెనక ఉన్న పన్నెండు ట్యూబులూ బండెక్కుతాయి," అన్నాడు తమ్ముడు.

"నన్నూ ఎక్కిస్తావా?"

"నిన్నెక్కిస్తే ఇరుసు విరుగుతుంది."

బండివాడు నవ్వాడు. అక్క నవ్వలేదు. ట్యూబు మెడకున్న రాగితీగ చుట్టకు మీటరు ఆనించి చూసింది. కొత్త బోర్డు అడిగేదానికి నాలుగింతల నిరోధం చూపించింది. ఒకప్పుడు ఇది కొలవకుండా కలిపి బోర్డు మాడ్చింది. ఆ మాట తమ్ముడు ఆమెను మరిచిపోనివ్వడు.

"ఏం, మళ్ళీ పొగేనా?"

"నీ నోటి పొగ ఆపి ఆ పగిలిన ట్యూబు పట్రారా."

దాని మెడ కూడా ఇంతే లావు. దాని చుట్ట ఊడదీసి దీనికి తొడిగింది. ఈసారి మీటరు సరేనంది. స్విచ్చి వేసింది. బొమ్మ వచ్చింది, తలకిందులుగా. కారు ఆకాశంలో పరుగెత్తుతోంది.

"శీర్షాసనం వేసిందక్కా!" తమ్ముడు పొట్ట పట్టుకున్నాడు.

అక్క స్విచ్చి ఆపి, చుట్టను సగం తిప్పి బిగించింది. రంగులు ఒకదానిమీద ఒకటి కుదురుకునేదాకా చుట్ట కింద దూర్చిన రబ్బరు ముక్కలు సర్దింది. కారు రోడ్డెక్కింది.

తమ్ముడి నవ్వు ఆగింది. "సరేలే, ట్యూబులు ఉంచుకో. ఇంకో ఏడాది చూద్దాం."

ఇరవై ఏళ్ళ చేతిపనికి ఏడాది గడువట! అక్క గుమ్మంవైపు తిరిగింది.

"అన్నా, బండి బాడుగకిస్తావా?"

"ఎక్కడికమ్మా?"

"గేముల హాలుకి."

ట్యూబుల్ని ఒక్కొక్కటే దుప్పట్లో చుట్టి, నిద్రపోయే పిల్లల్ని దించినట్టు, మొహం కిందికి పెట్టి బండిలో సర్దింది. తమ్ముణ్ణి చెయ్యి వేయనివ్వలేదు.

"అన్నం వేళకి వచ్చేస్తావుగా అక్కా?"

ఆమె మీటరు తీగలు చుట్టి చంకనున్న సంచిలో వేసుకుంది. బండి కదిలింది. దాని పక్కనే, వెనక్కి చూడకుండా, నడిచిపోయింది.