పలాస ప్లాట్‌ఫారం మీద వేలిముద్ర

ఆ రోజుల్లో నేను చేసే పనేమిటో ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే నాకు కూడా సగమే తెలుసేమో అనిపిస్తుంది. టెక్కలిలో ఇంజినీరింగు ముగించి, పలాసలో మా మేనమావ జీడిపప్పు ఫ్యాక్టరీలో కంప్యూటరు ముందు కూర్చుని బిల్లులు కొట్టేవాణ్ణి. అది కడుపుకి. మనసుకి వేరే పనుండేది. లినక్స్ అని, ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే కంప్యూటరు వ్యవస్థ ఒకటుంది కదా, దాన్ని వేల ప్రోగ్రాములతో కలిపి జనానికి అందించే ఒక స్వచ్ఛంద బృందంలో నేనూ చేరాను. ఒక్కో ప్రోగ్రామునీ శుభ్రంగా మూటకట్టి, తప్పులు దిద్ది, కొత్త రూపం వచ్చినప్పుడల్లా మార్చిపెట్టడం ఒక్కొక్కరి బాధ్యత. ఆ మూట పేరే ప్యాకేజీ. నా వంతుకి తెలుగు కీబోర్డు ప్యాకేజీ వచ్చింది. మా అమ్మ మాత్రం అడిగినవాళ్లందరికీ "మావోడు ప్యాకింగు సూత్తాడు" అని చెప్పేది. (ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలు బిగించే ప్యాకింగు సెక్షను ఉండనే ఉంది కనక ఎవరికీ అనుమానం రాలేదు.)

కొత్తవాడు కట్టిన మూటని నేరుగా లోపల పెట్టనివ్వరు. పాతవాడొకరు విప్పి చూసి, బాగుందంటేనే పైకెక్కిస్తారు. నావి చూసే ఆయన ఖరగ్‌పూర్‌లో ఉండేవారు. తెలుగు ఫాంట్ల ప్యాకేజీలన్నీ ఎన్నో ఏళ్లుగా ఆయనవే. పేరునిబట్టి తెలుగువారని తెలుసు గానీ, మా ఈమెయిలు ఉత్తరాలన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి. వరస చివర ఒక్క ఖాళీ ఎక్కువ పడినా మర్యాదగా తిప్పి పంపేవారు. ఆ మర్యాదకే నాకు చెమటలు పట్టేవి. ఆయన్ని నేను కోటూ బూటూ వేసుకున్న, ఇంగ్లీషులోనే దగ్గే ప్రొఫెసరుగా ఊహించుకున్నాను.

ఆ బృందంలో పూర్తి సభ్యుడు కావాలంటే ఒక తంతు ఉంది. ప్రతివాడికీ కంప్యూటరులో తనదైన ఒక రహస్య తాళంచెవి, దానికి గుర్తుగా అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక పొడవాటి వరసా ఉంటాయి. ఆ వరసని వేలిముద్ర అంటారు. పాత సభ్యుడొకరు మనల్ని ఎదురుగా చూసి, గుర్తింపు కార్డు చూసి, ఆ వేలిముద్ర సరిచూసుకుని "వీడు వీడే" అని తన తాళంచెవితో సంతకం పెట్టాలి. పలాస చుట్టుపక్కల మా ఉద్దానం పల్లెల్లో నాకు అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడు? అదిగో, సరిగ్గా అప్పుడే ఆయన రాశారు. కంటి ఆపరేషనుకి విశాఖపట్నం వెళ్తున్నారట, రైలు పలాసలో కాసేపు ఆగుతుంది కదా, పెట్టె దగ్గరికి రాగలవా అని.

సెలవు అడగడానికి మావ దగ్గరికి వెళ్లాను.

"ఎవుల్రా ఆయన?" అన్నాడు మావ.

"ప్యాకేజీల్లో పెద్ద మనిషి మావా. నా వేలిముద్ర చూడ్డానికి వస్తున్నాడు."

"వేలిముద్రేటి? ఇంత సదివినావు, సంతకం రాదేటి నీకు?"

నేను వివరించినకొద్దీ మావకి అర్థమైంది ఒక్కటే, ప్యాకేజీల్లో పెద్ద మనిషి. అంటే పెద్ద ఆర్డరు. మరునాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చంకలో మేలురకం జీడిపప్పు డబ్బాతో, నాకంటే ముందే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు.

బండి ఆగింది. కోటూ లేదు, బూటూ లేదు. మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా దిగాడొక సన్నటి పెద్దాయన, సోడాబుడ్డి కళ్లద్దాలతో, భుజాన గుడ్డసంచీతో. నేను దారిపొడుగునా వల్లెవేసిన ఇంగ్లీషు వాక్యం అందుకునేలోపే ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఏటి బాబూ, నువ్వేనా కీబోర్డు గుంటడివి? ఇంత సిన్నోడివా! మీసం కూడా సరిగ్గా రానేదు!"

అచ్చం మా వీధి భాష! కానీ అప్పటి నా బుద్ధికి అది ఆశ్చర్యంగా తోచిందే తప్ప, ఆగి వినవలసిన సంగతిగా తోచలేదు. బండి ఆగేది కాసేపే. జేబులోంచి కాగితం తీశాను. కార్డులు మార్చుకున్నాం. ఫోటో చూసి మొహం, మొహం చూసి ఫోటో చూశాను. తర్వాత వేలిముద్ర చదవడం మొదలుపెట్టాను. ఇద్దరం ఒకరి కార్డు ఒకరం పట్టుకుని, "ఏ, నాలుగు, ఎఫ్, సున్నా" అని గట్టిగా అరుచుకుంటుంటే రైల్వే పోలీసు ఊరుకుంటాడా?

"ఏటండీ ఆ నంబర్లు? మట్కాయా?"

"కాదండి, ఆల్ల వేలిముద్రలు" అన్నాడు మావ, సాయం చేద్దామని.

"వేలిముద్రలు సదూతారేటండీ ఎవులైనా?"

మావ ఆ పోలీసుని పక్కకి తీసుకెళ్లి, గుప్పెడు జీడిపప్పు చేతిలో పోసి, "మా అల్లుడు మంచోడేనండి, ఇదొక్కటే జబ్బు" అని సర్దిచెప్పాడు. (బృందంలో నాకు దొరికిన మొదటి పూచీ నిజానికి అదే.)

ఈలోగా పెద్దాయన జీడిపప్పు డబ్బా కళ్లకి ఆనించుకుని దానిమీది తెలుగు అక్షరాలు తడుముతున్నారు. "ఇది మన ఫాంటే. ఆ నెత్తి మీద వంపు సూడు, ఎంత బాగొచ్చిందో. ఏటని రాసున్నాది బాబూ?"

"మీకు చదవడం రాదా సార్?"

"మాటాడతాను గానీ సదవడం రాదు. రైల్లో పనికని మా తాత ఖరగ్‌పూరెల్లిపోనాడు. నా సదువంతా బెంగాలీ బడిలోనే. అచ్చరాల మొకాలన్నీ తెలుసు నాకు, పేర్లే తెల్దు." ఆయన నవ్వారు. "మా మామ్మది అక్కుపల్లి. ఎప్పుడూ ఆ సముద్రం గురించే సెప్పేది. ఇక్కడికెంత దూరం?"

నేనిచ్చిన జవాబు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "దగ్గరే సార్. సార్, మీ ఆఖరి నాలుగూ మళ్లీ చెప్తారా, పోలీసు గొడవలో సరిగ్గా వినబడలేదు."

ఆయన చెప్పారు. నేను టిక్కు పెట్టుకున్నాను. బండి కూత వేసింది. మావ మాత్రం ఊరుకోలేదు. "దిగిపోండి బాబూ, సాయంత్రం బండికి ఎల్దురు గానీ. నా మోటారుసైకిలు మీద కూకోబెట్టి అక్కుపల్లి సూపించీసి తెత్తాను" అన్నాడు. ఆర్డరు సంగతి అప్పటికే మర్చిపోయినట్టున్నాడు. పెద్దాయన ఒక కాలు మెట్టు మీద పెట్టి నా వైపు చూశారు. నేను కాగితం మడత పెట్టుకుంటున్నాను.

"డాట్రు ఈరోజే రమ్మన్నాడు. తిరుగొచ్చినప్పుడు దిగుతాను" అంటూ ఎక్కేశారు.

తిరిగొచ్చేటప్పుడు కంటికి కట్టుతో ఉన్నారట, దిగలేదు. సంతకం మాత్రం వచ్చింది. నేను పూర్తి సభ్యుణ్ణయ్యాను. ఇక నా మూటలు ఎవరికీ చూపించనక్కర్లేదు, నేనే పైకెక్కించుకోవచ్చు. ఆ స్వేచ్ఛకి ఊరంతా మిఠాయి పంచినంత పని చేశాను. కానీ చూపించే పని లేకపోయేసరికి ఉత్తరాలు రాసే పనీ లేకపోయింది. అంతదాకా వారానికోసారి నడిచిన మా మాటలు పండక్కి ఒకటిగా మారి, అవీ ఆగాయి. అక్కుపల్లి గురించి ఎప్పుడైనా తీరిగ్గా రాద్దామనుకుంటూనే ఉన్నాను.

కొన్నేళ్లకి బృందం ఉత్తరాల్లో ఎవరో రాశారు, ఆయన పోయారని. కింద ఆయన ప్యాకేజీల పేర్లన్నీ ఇచ్చి, ఇవి ఇప్పుడు అనాథలు, ఎవరైనా దత్తత తీసుకోవాలి అని ఉంది. (మా బృందంలో ఆ మాటలే వాడతారు. అప్పటిదాకా వాటిలో నాకు విచిత్రమేమీ కనబడలేదు.) ఫాంట్లన్నీ నేనే తీసుకున్నాను. నా మొహం చూసి అమ్మ ఏమైందని అడిగింది. "ఒకాయన చచ్చిపోయాడమ్మా. ఆయనవన్నీ నేను దత్తత తీసుకున్నాను" అన్నాను. అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మా! పెల్లి కానోడివి, దత్తతేటిరా! ఎంతమంది?" ఆమెకి నిజం చెప్పి, నవ్వించి, నేనూ నవ్వాను.

ఆ ఆదివారం అక్కుపల్లి వెళ్లాను. ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తున్న ఒక ముసలామెని అడిగాను, ఖరగ్‌పూర్‌లో ఒక పెద్దాయన పోయారు, ఆయన మామ్మది ఈ ఊరేనట, ఆ కుటుంబం తెలుసా అని.

"ఖరగ్‌పూరా? ఊరు సగం అటేపే ఎల్లిపోనారు బాబూ. ఎవులని సెప్పేది? ఆ మామ్మ పేరేటి?"

మామ్మ పేరు నాకు తెలియదు. తాత పేరూ తెలియదు. ఆయన తాళంచెవి వేలిముద్ర మాత్రం తెలుసు, కావాలంటే అక్కడికక్కడ అప్పజెప్పగలను. రైలు కదులుతుంటే కాగితం భద్రంగా మడత పెట్టుకున్న ఆ మీసం రాని కుర్రాడు కళ్లముందు మెదిలాడు. ఎంత జాగ్రత్త వాడికి, ఎంత పనితనం! తిట్టబుద్ధి కాలేదు, నవ్వొచ్చింది.

"ఆయన నీకేటవుతాడు బాబూ?" అంది ముసలామె, చేప తిరగేస్తూ.

"మావ" అన్నాను.