మిలిటరీ హోటల్ వెనక వసారా

మిలిటరీ హోటల్ పెద్దమ్మ పోయిందన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. జువ్వలదిన్నెలో నేను పాఠం చెబుతున్న గది కిటికీ దగ్గరకు మా మైపాడు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక అక్క వచ్చి నిలబడింది. "ఏమే పాపా, నెల్లూళ్ళో మీ హోటలామె పోయిందంట గదా, నీకు తెలుసునా?" అంది. పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. వాళ్ళు ఆపలేదు, నేను ఆపమనలేదు. కర్మకాండ కూడా అయిపోయిందట. నాకెవరూ కబురు పంపలేదు. పంపవలసిన చుట్టరికం మా మధ్య లేదు. ఆమెది మా కులం కాదు, మా ఊరు కాదు. అయినా మా ఇంట్లో మొదటిసారిగా ఒక మనిషి బడికి వెళ్ళి, చివరిదాకా చదివి, ఇవాళ ఇంకొకరికి చదువు చెబుతున్నదంటే దానికి ఆమె పెట్టిన అన్నం కారణం. అందుకే ఈ నాలుగు మాటలు.

నెల్లూరులో బస్సులు ఆగే చోటు నుంచి మా బాలికల పాఠశాలకు వెళ్ళే దారిలో ఉండేది ఆ హోటల్. మాంసం, చేపలు వండే హోటళ్ళను అప్పట్లో మిలిటరీ హోటల్ అనేవారు. పెద్దమ్మ భర్త వంటవాడు. ఆయన పోయాక గరిటె ఆమె అందుకుంది. ముందు హాల్లో మరిది కూర్చునేవాడు. ఆమె వంటగది దాటి ఇవతలికి వచ్చేది కాదు. పొద్దున్నే దోశ, అందులోకి నిన్నటి చేపల పులుసు. మధ్యాహ్నం మొలగొలుకుల బియ్యపు అన్నం, పప్పు, పొట్టేలి కూర, మామిడికాయ వేసిన కొర్రమీను పులుసు, చారు, మజ్జిగ. ఆ పులుసు కోసం కోర్టు గుమాస్తాలు, బండివాళ్ళు, సంతకొచ్చిన రైతులు ఒకే బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చునేవారు. ఆడవాళ్ళు మాత్రం ఉండేవారు కాదు. ఆడమనిషి హోటల్లో కూర్చుని తినడం ఆ రోజుల్లో లేదు. ఆకలైతే ఓర్చుకుని ఇల్లు చేరాలి. అంతే.

నేను మైపాడు నుంచి పొద్దుటి బస్సుకు వచ్చేదాన్ని. కొత్తగా నయాపైసలు వచ్చిన రోజులవి. అమ్మ లేని పిల్లను, మా అవ్వ చద్దన్నం, ఎండు నెత్తళ్ళ చేపలు గిన్నెలో పెట్టి ఇచ్చేది. బళ్ళో మూత తీయగానే పక్కన కూర్చున్న పిల్లలు జరిగేవారు. ఎవరూ ఏమీ అనలేదు. అనివుంటే ఏదో ఒకటి బదులు చెప్పేదాన్నేమో. జరిగిన చోటు మాత్రం మిగిలేది. కొన్నాళ్ళకు గిన్నె మూత తీయడం మానేశాను. సాయంత్రం బస్సెక్కే ముందు అన్నం కాకులకు వేసేదాన్ని.

అలా ఒకరోజు కళ్ళు తిరిగి ఆ హోటల్ పక్క సందులో కూలబడ్డాను. పెద్దమ్మ కడుగు నీళ్ళు పారబోయడానికి వచ్చి చూసింది.

"ఎవురు పాపా నువ్వు? మొకం అట్ట పీక్కపోయుండాదే. యేం తిన్నావు?"

"తిన్నాను."

"నేను తిన్నావా అని అడగలా. యేం తిన్నావు అంటుండా."

ఆమె వంటగది వెనక వసారాలోకి తీసుకుపోయింది. కట్టెలు అటు నెట్టి, ఆకు వేసి, నీళ్ళు చిలకరించింది. అన్నం పెట్టి, మధ్యలో గుంట చేసి పులుసు పోసింది. నేను తింటున్నంతసేపూ నా మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. "వొడ్డించేవాళ్ళు ఆకు వంక చూడాల. మొకం వంక చూస్తే తినేవాళ్ళకు మింగుడు పడదు" అని తర్వాతెప్పుడో చెప్పింది. లేచేటప్పుడు మాత్రం అంది: "రేపూ రామే. దొడ్డివాకిలి తెరిచే ఉంటాది."

రోజూ వెళ్ళాను. నాయనకు ఒక్కడికే చెప్పాను. నాయన వేటకు పోయి తెచ్చిన చేపల్లో ఒక మంచి చేప ఆదివారం పొద్దున నేనే ఇచ్చి వచ్చేదాన్ని. ఎవరికని అవ్వ అడిగితే టీచరమ్మకని చెప్పేవాడు నాయన. అవ్వకు తెలిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

తెలిసింది. నెల్లూరుకు చేపలు అమ్మడానికి వచ్చిన పల్లె ఆడవాళ్ళు నేను హోటల్ సందులోంచి మూతి తుడుచుకుంటూ రావడం చూశారు. ఆ సాయంత్రం మా వాకిట్లో వలలు బాగుచేసేవాళ్ళు కూడా సూదులు ఆపి విన్నారు.

"మొగోళ్ళు తాగే నీళ్ళు, మొగోళ్ళు తినే కూడు! హోటల్లో కూసోని మేసే పిల్లని రేపు యెవురన్నా గడప తొక్కనిస్తారా?" అంది అవ్వ. "చదివింది చాలు. రేపట్నించీ చేపల తట్ట పట్టుకోమను."

వాళ్ళమ్మకు ఎదురు చెప్పిన అలవాటు నాయనకు లేదు. మర్నాడు బస్సు పోయిన చప్పుడు నేను ఇంట్లో కూర్చుని విన్నాను. ఆ మర్నాడూ అంతే.

పెద్దమ్మ ఎవరిని అడిగి తెలుసుకుందో గానీ, ఒకరోజు పడవలు ఒడ్డుకు చేరే వేళకు మైపాడులో బస్సు దిగింది. చంకలో మసాలా మూట. నేరుగా మా వాకిట్లోకి వచ్చింది.

"ఆ హోటలామెను నేనే. సరిగా చూసుకోండి" అంది. "పిల్ల నా చేత్తో యేం తింటుండాదో మీరూ తినండి. నోటికి హితవైతే బడికి పంపండి. లేకుంటే మానిపించండి. ఇంగ నేనేం మాట్లాడను."

"చేపలోళ్ళకు చేపల పులుసు పెట్టేదానికి వచ్చినావా!" అంది అవ్వ. "కమ్మరోళ్ళ వీధిలో సూదులమ్మినట్టుండాది."

"అమ్మితే గదా సూదికి మొన ఉండాదో లేదో తెలిసేది. పొయ్యి చూపించు."

అప్పుడే దిగిన చేపను నాయన కోసి ఇచ్చాడు. వాకిలి నిండా ఆడవాళ్ళు. మిరపకాయలు, ధనియాలు, మెంతులు వేయించిన వాసన పల్లెంతా పాకింది. చేప ముక్కలు పడ్డాక గరిటె పెట్టలేదు, గుడ్డతో అంచులు పట్టుకుని మట్టి దాకను అటూ ఇటూ తిప్పింది. అది చూసి ఒకరిద్దరు తలలూపారు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. నా చదువు ఆ దాకలో ఉడుకుతోందని నాకు తెలుసు.

అవ్వ ముందుగా నోట్లో పెట్టుకుంది. అవ్వ మింగి, చెంబెడు నీళ్ళు తాగింది.

"సముద్రాన్ని తెచ్చి సముద్రంలోనే ఉడకబెట్టినావు గదమ్మా!"

వాకిలంతా ఘొల్లుమంది. మా పల్లె బావి నీళ్ళు ఉప్పన. ఇక్కడ పుట్టినవాళ్ళు ఆ నీళ్ళ ఉప్పును లెక్కలోకి తీసుకునే పులుసులో ఉప్పు వేస్తారు. పట్నం చేతికి అది తెలియదు. పెద్దమ్మ కొంచెం నాలిక మీద వేసుకుంది. దాక దించి, చెయ్యి కడుక్కుంది.

"వోడిపోయినాను" అంది. ఇంకేమీ సర్దుకోలేదు. మూట వెతుక్కుంటూ లేచింది.

నా బడి అయిపోయిందనుకున్నాను. కానీ ఒక మనిషి ఓడిపోయాననడం మా వాకిట్లో ఎవరూ అప్పటిదాకా విని ఉండరు. నవ్వులు ఆగిపోయాయి.

"యాడికి పోతావు? బస్సు మళ్ళీ మాపటేళకు గానీ లేదు. కూసో" అంది అవ్వ. "ఉపాసం పంపించేటంత పాపిష్టోళ్ళం కాదులే."

ఇంకో దాక ఎక్కించి అవ్వే వండింది. నీళ్ళు ఎన్ని, ఉప్పు ఎంత అని పెద్దమ్మ పక్కన గొంతుక్కూర్చుని అడుగుతూనే ఉంది. తర్వాత అవ్వ ఆమెకు ఆకు వేసి వడ్డించింది. పెద్దమ్మ ఆకు ముందు కూర్చుని అన్నం వైపు చూస్తూ ఉండిపోయింది. చెయ్యి కదల్లేదు.

"యేందమ్మా, నా చేతి కూడు దిగదా?"

"అది కాదక్కా. నాకు వొకరు వొడ్డించి శానా కాలమైంది. మా ఆయన పోయినాక నిలబడే తింటుండా, పొయ్యి కాడ. కూసుంటే యెట్ట తినాలో మర్సిపోయినట్టుండాది."

ఈసారి అవ్వ నవ్వలేదు. "తిను, తిను. చల్లారిపోతాది" అంది. ఆమె తినడం మొదలుపెట్టేదాకా పక్కనే కూర్చుంది. ఆకు వంకే చూసింది.

మర్నాడు పొద్దున అవ్వ నన్ను తానే బస్సు దగ్గరకు తీసుకొచ్చింది. "పో. ముందు ఆమెని కూసోబెట్టి వొడ్డించు. ఆనక నువ్వు తిను. అట్టయితేనే బడి" అంది.

నా చదువుకు మా ఇంట్లో పెట్టిన షరతు అదొక్కటే. బడి ముగిసేదాకా ప్రతి మధ్యాహ్నం వెనక వసారాలో ఆమెకు వడ్డించాను. మొదట్లో ఆమెకు సిగ్గు. "చాల్లేమే, చాల్లే" అంటూ సగం ఆకు చేత్తో కప్పేసేది. తర్వాత తర్వాత "ఇంకొంచెం పులుసు పొయ్యవే, పిసినారి" అనేది. మాకు మాటలు పెద్దగా ఉండేవి కావు. ఆమె హోటల్లో ఆమెకు, నా బళ్ళో నాకు, మాట్లాడేవాళ్ళు లేరు. అందుకే కాబోలు మాట్లాడకుండా పక్కన కూర్చోవడం ఇద్దరికీ తెలుసు. కొన్నాళ్ళకు అవ్వ తట్ట దించుకుని అదే వసారాకు వచ్చింది. అవ్వ వెనక మిగతావాళ్ళు వచ్చారు. చేపలమ్మే ఆడవాళ్ళు నెల్లూరులో నీడన కూర్చుని వేడన్నం తిన్న మొదటి చోటు అదేననుకుంటాను. ముందు హాల్లో మరిది మూతి ముడిచినా ఆమె పట్టించుకోలేదు. "ఆకలికి ఆడా మగా యాడిది అబయా?" అనేసేది.

ట్రైనింగు అయి నాకు ఈ ఊళ్ళో ఉద్యోగం వచ్చినప్పుడు చెప్పడానికి వెళ్ళాను. సంతోషించింది. "పులుసూ మనిషీ వొక రాత్రి నిలవాల. అప్పుడు గానీ రుచి తెలీదు. కొత్త ఊరు గదా, మొదట్లో ఏడుపొస్తాది, పారిపోయి రావాకు" అంది. నేను వెళ్ళిపోతే ఆమె మళ్ళీ నిలబడి తింటుందని నాకు ఆ క్షణంలో తోచింది. ఆమెకూ తోచే ఉంటుంది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. అవ్వ కూడా పోయాక ఆ వసారాలో ఆమె పక్కన ఎవరు కూర్చున్నారో నేనెప్పుడూ అడగలేదు.

కబురు తెలిసిన వారం నెల్లూరు వెళ్ళాను. హోటల్ నడుస్తోంది. గల్లా దగ్గర మరిది కొడుకు ఉన్నాడు. చివరి రోజుల్లో ఎలా ఉండేదని అడిగాను.

"బాగానే ఉన్నిందక్కా. వొంటకు లోటు చెయ్యలా."

"తినేదా?"

"తినే ఉంటాదిలే అక్కా. అది యెవురు చూసినారు?"

అతను చెడ్డవాడు కాదు. నిజం చెప్పాడు.

నేను దొడ్డివాకిలి గుండా వెనక్కి వెళ్ళాను. మా పల్లె ఆడవాళ్ళు నలుగురైదుగురు అప్పటికే వచ్చి గోడ వారన కూర్చుని ఉన్నారు. లోపల కొత్త వంటవాడు హాలుకు పంపే హడావిడిలో ఉన్నాడు. వీళ్ళ సంగతి అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. లేచి పోవడానికి వాళ్ళకు మనసు రావడం లేదు, అడగడానికి నోరు రావడం లేదు. నేను చీర కుచ్చెళ్ళు దోపుకుని అన్నం గిన్నె తెచ్చాను. వాళ్ళకు వడ్డించాను. "టీచరమ్మ వొడ్డిస్తే పులుసుకు పాఠాల రుచొస్తాదేమే" అని ఒకామె నవ్వబోయి, మధ్యలో ఆపేసి కళ్ళొత్తుకుంది. తిని, ఆకులు తీసి, తట్టలెత్తుకుని వాళ్ళు బస్సుకు వెళ్ళిపోయారు.

అప్పుడు నాకూ ఆకలి తెలిసింది. ఆకు వేసుకుని, నీళ్ళు చిలకరించి, ఎవరో వచ్చి వడ్డిస్తారన్నట్టు కూర్చున్నాను. హాల్లో నుంచి గరిటెల చప్పుడు, మగవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. దొడ్డివాకిలి నుంచి గాలి వస్తోంది. అన్నం పడని ఆకు, బరువేమీ లేక, ఒక అంచున లేస్తూ, పడుతూ ఉంది.