గడి మిద్దె మీద నా పేరు

మొన్న మాఘమాసంలో, ఒక సోమవారం పొద్దున పదకొండు గంటలకు జరిగింది ఇది. నేను దయ్యాలను నమ్మను. రాత్రిళ్లు ఒక్కదాన్నే పొలానికి నీళ్లు పెట్టినదాన్ని. తేలు కుట్టింది గానీ ఏ దయ్యమూ పలకరించలేదు. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను. కథలు అల్లడం రాదు, జరిగిందే రాస్తాను.

దౌల్తాబాద్ దగ్గర మా ఊళ్లో పాత గడి ఉంది, కోటలాంటి దొరల ఇల్లు. దొరలు ఎప్పుడో పోయారు. పాత కట్టడాలను కాపాడే నిధి నుంచి డబ్బు వచ్చి, బాగుచేయడం మొదలైంది. సిమెంటు ముట్టొద్దని షరతు. మిద్దె మీద సున్నం పరిచి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ చల్లుతూ, ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కలతో కొట్టాలి. ఆ పద్ధతి చూసినదాన్ని నేనే మిగిలానని పిలిచారు.

చిన్నప్పుడు ఇదే మిద్దెను మా అవ్వ కొట్టించింది. ఒకరు పాటలాగా ఒక్కొక్కరి పేరు పిలుస్తారు. ఆ పిలుపు మీద అందరి చెక్కలూ ఒక్కసారే పడాలి. చివరికి అవ్వ నన్ను పిలిచేది, ‘గురిగీ’ అని. గురిగి అంటే చిన్న మట్టికుండ. అంత గుండ్రంగా ఉండేదాన్నట. నా చేతిలో గరిటెంత చెక్క.

ఆ ఏడే అవ్వ జ్వరంతో పోయింది. ఫోటో లేదు. ఆ పేరుతో నన్ను మళ్లీ ఎవరూ పిలవలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. అవ్వ గొంతు కూడా మరిచిపోయాను. మోకాళ్లు నొస్తున్నా నేను మిద్దె ఎక్కింది, ఆ గొంతు గుర్తుకొస్తుందేమోననే.

ఆ రోజు పిలిచేది నేనే.

"కొట్టవే లచ్చవ్వా! నిద్రవోతున్నవా ఎల్లవ్వా! మెల్లగనే భాగ్యా, మిద్దె కూలుతది!"

పిలిచే మనిషి తన పేరు తాను పిలవదు. అందరి పేర్లూ అయ్యాక ఊపిరి కోసం ఆగాను.

"గురిగీ, నీ దెబ్బేదే?"

ఆ పిలుపు కింది గదిలోంచి వచ్చింది. చెక్కలన్నీ ఒక్కసారే పడ్డాయి. నా చెయ్యే లేవలేదు.

"గురిగి ఎవరు అత్తమ్మా?" అని అడిగింది నా కోడలు భాగ్య.

"పనికి రానోళ్లు పాటకొచ్చిన్రు," అని ఎల్లవ్వ నవ్వింది.

మేస్త్రీ దిగి చూశాడు. గదికి తాళం వేసే ఉంది. తీస్తే నేలంతా దుమ్ము, ఒక్క అడుగు గుర్తు లేదు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మిద్దె పని అయిపోయింది. నేను మాత్రం అప్పుడప్పుడు చెక్క పట్టుకుని పోయి కూర్చుంటున్నాను. ఈసారి పిలిస్తే కొడతాను.

ఆ రోజు మిద్దె మీద ఉన్నవాళ్లం: లచ్చవ్వ, ఎల్లవ్వ, భాగ్య, మేస్త్రీ యాదగిరి, నేను. మా అవ్వ పేరు నర్సవ్వ. ఆ రోజు ఆమె అక్కడ ఉన్నదని రాయలేను, లేదని రాయడానికి చెయ్యి రావడం లేదు.