వేలికి కట్టిన గుడ్డ

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. అప్పుడే రాయాలనుకున్నాను. కానీ అప్పటికి నాకు అక్షరాలు వచ్చి ఏడాది కూడా కాలేదు. పేరు రాసేదాన్ని, బోర్డులు చదివేదాన్ని, అంతే. ఒక వాక్యం మొదలుపెడితే దాని చివరికి చేరేసరికి మొదట ఏమనుకున్నానో మరిచిపోయేదాన్ని. ఇప్పుడు మరిచిపోకుండా రాయగలుగుతున్నాను. అయితే ఆలస్యానికి అదొక్కటే కారణమంటే సగమే చెప్పినట్టు. నేను చేసిన పనిని కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు.

మాది రామసముద్రం దగ్గరి పల్లె. బడికి పోవాల్సిన వయసులో తమ్ముళ్ళను చంకనేసుకుని తిరిగాను. పెళ్ళయి మదనపల్లెకు వచ్చాక టమోటా మార్కెట్లో కాయలు ఏరే పనికి పోయాను. నడుము నొప్పి పట్టుకున్నాక ఒక కేబుల్ టీవీ ఆఫీసులో ఊడ్చి, తుడిచి, టీ పెట్టే పని దొరికింది. అక్షరాలు నేర్చుకున్నది అక్కడే. టీవీలో బొమ్మ కింద ఒక వరస అక్షరాలు పరుగెత్తుతుంటాయి కదా, పుట్టినరోజులూ, కరెంటు కోతలూ, పోయినవాళ్ళ పెద్దకర్మ కబుర్లూ. వాటిని టైపు చేసే అమ్మాయి మా ఆఫీసులోనే కూర్చునేది. చీపురు చేతిలో పెట్టుకుని నేను ఆ వరసవైపే చూస్తుంటానని కనిపెట్టి, మధ్యాహ్నాలు దాన్ని తన కంప్యూటర్లో మెల్లగా నడిపించి ఒక్కొక్క అక్షరం చూపించింది. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. ఎవరూ చెప్పకుండా నేను మొదట చదివిన మాట 'అంతరాయం'. ఆ మధ్యాహ్నం కరెంటు పోయినా నాకు సంతోషంగానే ఉండింది.

మా సారుకు, అంటే ఆఫీసు ఓనరుకు, ఒక అలవాటు ఉంది. ఏ కొత్త ప్రోగ్రాం తీసినా జనానికి చూపించే ముందు నన్ను పిలిచి టీవీ ముందర కూర్చోబెట్టేవాడు. "నువ్వు సూసి సెప్పు మా. నీకు బాగుంటే ఊరికంతా బాగుంటాది" అనేవాడు. నేను ఆవులించిన చోట కత్తిరించేవారు, నవ్విన చోట ఉంచేవారు. "అక్కా, రేపు కడుపునిండా నిద్రపోయి రా. నేను తీసిన పాట ఉండాది" అని కెమెరామన్ బతిమాలుకునేవాడు.

ఏటా ఒకసారి మా చానెల్ సినిమా అవార్డులు ఇచ్చేది. పెద్ద సినిమాలకు కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల వాళ్ళు ఫోన్లతోనూ అద్దె కెమెరాలతోనూ తీసే చిన్న సినిమాలకు. ఆ సాయంత్రమంతా కేబుల్లో లైవుగా వస్తుంది. అంతకుముందు యాంకరమ్మను హైదరాబాదు నుంచి పిలిపించేవారు. ఆ యేడు మాత్రం సారు, "సినిమాలు మనవి, మాట మనది. యాంకరు మాత్రం బయటోళ్ళు యాల?" అన్నాడు. మూడు ఊర్ల నుంచీ మనుషులను పిలిపించాడు.

అవార్డులకు ఒక కట్టుబాటు ఉండేది. గెలిచినవాళ్ళ పేర్లు జడ్జీలు రాసి, కవర్లలో పెట్టి అంటించి, నేరుగా వేదిక మీదికే పంపుతారు. ఒకసారి పేర్లు ముందే బయటపడి పెద్ద రభస అయిందట. అప్పటి నుంచి కవరు చింపేదాకా సారుకు కూడా తెలియదు. చింపి చదవాల్సింది యాంకరే.

యాంకరు ఎంపిక కోసం ఆ రోజు ముగ్గురు వచ్చారు. మదనపల్లె కాలేజీ అమ్మాయి చక్కగా ఉంది గానీ వార్తలు చదివినట్టు మాట్లాడింది. పుంగనూరు ఆయన పెళ్ళిళ్ళలో మైకు పట్టుకునే మనిషి. గొంతు గట్టిది, మాటలన్నీ మనం ముందెప్పుడో విన్నట్టుంటాయి. మూడో ఆమె కుప్పం దగ్గరి పల్లె నుంచి వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. పట్టుపురుగుల వాళ్ళ తోటలో మల్బరీ ఆకు కోసే కూలి పని. ఆకు కోస్తూ ఫోన్లో మాట్లాడే వీడియోలు మా వైపు చాలామంది చూసేవాళ్ళు.

ఆమె కుడిచేతి చూపుడువేలికి తెల్లగుడ్డ కట్టి ఉంది.

ఫారం ఇవ్వగానే ఆ వేలు పైకెత్తి చూపించి, "కొడవలి తగిలింది పాపా, నువ్వే రాసుకో, నేను సెప్తా" అంది టైపు అమ్మాయితో. ఆ అమ్మాయి పాపం అంటూ అంతా రాసింది. కాసేపటికి నేను టీ ఇచ్చాను. ఆమె పొగలు కక్కే గ్లాసును ఆ గుడ్డ కట్టిన వేలితోనే ఒత్తి పట్టుకుని తాగింది. మొహంలో నొప్పి లేదు.

ఆ గుడ్డ నాకు బాగా తెలుసు. బ్యాంకుకు పోయేటప్పుడు, ఆస్పత్రి చీటీ రాయించుకునేటప్పుడు, పిల్లల బళ్ళో సంతకం అడుగుతారనుకున్నప్పుడు నేనూ అట్లాగే కట్టుకుని పోయేదాన్ని. ఇంటి గడప దాటే ముందు కట్టి, తిరిగి వచ్చాక విప్పి, ఉతికి ఆరేసేదాన్ని.

తర్వాత సారు యాంకరు మాటలు రాసిన కార్డు ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె దాని మీద మా చానెల్ బొమ్మ ఎక్కడుందో చూసి, బొమ్మ పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంది. "కళ్ళజోడు మరిసిపోయి వచ్చినా సారూ. మీరు ఒకతూరి సదవండి. నాకు ఒకసారి వింటే సాలు." సారు చదివాడు. ఆమె పొల్లు పోకుండా మొత్తం అప్పజెప్పి, చివర ఆగి, "ఇందులో అశేష ప్రేక్షకులకు అని ఉండాది కదా సారూ, అట్లంటే మా ఊర్లో ఎవురో కొత్త దేవుడనుకుంటారు. నేనైతే ఇట్ల సెప్తా: కూసున్నోళ్ళకి ఒక దండం, కుర్సీ దొరక్క నిలబడినోళ్ళకి రెండు దండాలు!" అంది. కుప్పం బస్సు కండక్టరు తెలుగూ, తమిళమూ, కన్నడమూ కలిపి చిల్లర కోసం తగువాడినట్టు చేసి చూపింది. సారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. కెమెరామన్ నవ్వుకు కెమెరా కదిలిపోయింది. నేనూ నవ్వాను. నేను నవ్వితే ఇంక ఖాయమే.

బస్టాండుదాకా ఆమె వెంట నేను పోయాను. బస్సు మీద కుప్పం అని ఇంతింత అక్షరాలతో ఉంది. ఆమె ఆ బోర్డు కిందే నిలబడి ఒకాయనను, "ఇది కుప్పానికేనాప్పా?" అని అడిగింది. ఆయన ఔనన్నా, ఇంకొకామెను అడిగింది. అప్పుడు నేను ఆమె చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి అన్నాను.

"ఏలికి దెబ్బ తగల్లేదు కదా మా?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వు కూడానా అక్కా?"

"పోయిన సంవత్సరం దాకా."

"అయితే నీకు నేను సెప్పాల్సిన పని లేదు. ఎవురికీ సెప్పొద్దు అక్కా. దీంట్లో నిలబడితే నాలుగు ఫంక్షన్లకు పిలుస్తారు. ఆ తోటలో ఒంగి ఒంగి నా నడుము పోతాండాది."

"కవరు ఇప్పి పేరు సదవల్ల కదా? లైవులో ఏం జేస్తావు?"

ఆమె నవ్వింది. "అదా! కవరు నేను యాల ఇప్పుతా? ముందర వరసలో పెద్ద మనుషులు కూసోనుంటారు కదా. ఒక్కొక్కరినే పైకి పిలుస్తా. అయ్యా, మీ సేతుల మీదగా ఇప్పి మీ నోటితోనే సెప్పండి అంటా. వాళ్ళకూ గొప్పగా ఉంటాది. నలభై జాగాల్లో ఇట్లనే నెట్టుకొచ్చినా, ఇదొక లెక్కా?"

చెప్పనని మాటిచ్చాను. బస్సు కదిలాక కూడా ఆమె కిటికీలోంచి ఆ తెల్లగుడ్డ వేలు ఊపుతూనే ఉంది.

మూడు రోజులు మాట నిలబెట్టుకున్నాను. నాలుగో రోజు టీ ఇస్తుంటే సారు అన్నాడు, "కుప్పం ఆయమ్మకు ఫోన్ చేసి సెప్పు మా, ఈసారి కళ్ళజోడు మరిసిపోకుండా తెచ్చుకోమని. కార్డులన్నీ ఆయమ్మే సదవల్ల."

సరే సార్ అని ఉంటే సరిపోయేది. నేను అన్నది వేరే.

"కళ్ళజోడుతో పని లేదు సార్. ఆమెకు సదువు రాదు."

టైపు అమ్మాయి చేతులు ఆగిపోయాయి. సారు టీ గ్లాసు కింద పెట్టాడు. ఎందుకన్నానని ఈ రెండేళ్ళలో చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. అంతమంది ముందర ఆమె పరువు పోతుందని భయపడ్డాను, నిజమే. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పుడు నాకు కలిగింది భయం కాదు. చదువు వచ్చినవాళ్ళు ఇద్దరున్న గదిలో నేను మూడోదాన్ని అనిపించింది. రానివాళ్ళ గురించి మాట్లాడేవైపు మొదటిసారి నిలబడ్డాను, ఆ నిలబడడం నాకు బాగుండింది. ఇట్లా రాసుకోవడానికి సిగ్గుగా ఉంది.

"కవరు చింపి బొమ్మ మాదిరి నిలబడిపోయింటే లైవులో నా గతేంది?" అన్నాడు సారు. "మంచికాలం, ముందే సెప్పినావు."

అప్పుడైనా ఆమె ఉపాయం చెప్పి ఉండవచ్చు. సార్, కవర్లు పెద్ద మనుషులతో విప్పిస్తుందంట, ఇబ్బంది లేదంట అని ఒక్క మాట. చెప్పలేదు. గ్లాసులు తీసుకుని వంటగదిలోకి పోయి కడుగుతూ నిలబడ్డాను. సారు ఫోన్ చేయడం అక్కడికి వినిపించింది. ఆమె గొంతు స్పీకరులో బయటికే వస్తోంది.

"ఈ తూరికి వేరే మనిషిని అనుకున్నాం మా. వచ్చే తూరి సూద్దాం."

"ఎవురు సెప్పినారు సారూ?" అంది ఆమె.

"ఎవురూ ఏం సెప్పలా మా."

"సరే సారూ," అంది. అంత నవ్వించిన మనిషి గొంతు అదేనా అనిపించింది.

పుంగనూరు ఆయనను తీసుకున్నారు. ఫంక్షను కూడా పుంగనూరులోనే ఒక కల్యాణ మండపంలో పెట్టారు. కుర్చీలు సర్దడానికీ, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వడానికీ నన్నూ తీసుకుపోయారు. నేను వేదిక పక్కన తెర చాటున నిలబడి చూశాను. మొదటి కవరు వచ్చింది. పుంగనూరు ఆయన దాన్ని రెండు చేతులతో పైకెత్తి, "దీన్ని ఇప్పేంత పెద్దవాడిని నేను కాదు" అని, ముందు వరసలోని ఒక పెద్దాయనను పైకి పిలిచాడు. ఆ పెద్దాయన మెలమెల్లగా మెట్లెక్కి, కవరు చింపి, పేరు చదివాడు. మండపమంతా చప్పట్లు. రెండో కవరుకు ఒక డాక్టరమ్మ వచ్చింది. మూడో దానికి ఇంకొకరు. అవార్డులన్నీ అయిపోయేవరకు ఆ మనిషి ఒక్క పేరు కూడా తన నోటితో చదవలేదు. కార్డులను కూడా చేతిలో విసనకర్ర మాదిరి ఊపుకుంటూ నోటికొచ్చిందే మాట్లాడాడు.

సారు తెర చాటుకు వచ్చి, "ఎంత మర్యాదగా నడిపిస్తాండాడో సూడు మా. పెద్దోళ్ళతో కవర్లు ఇప్పించడం నాకు తట్టనే లేదు" అన్నాడు. "ఎట్లుండాది? బాగుందా నీకు?"

ఆయన ఎప్పుడూ అడిగే మాటే. నీళ్ళ సీసాల పెట్టె ఎత్తుకుని లోపలికి పోయాను.

కుర్చీలు ఎత్తే పని మిగిలిందని టైపు అమ్మాయితో కలిపి మేము నలుగురం ఆడవాళ్ళం మండపంలోనే పడుకున్నాం. తెల్లవారగానే నేను టైపు అమ్మాయిని అడిగి, ఫంక్షను కాగితాలతో పాటు తెచ్చిన ఫారాల కట్ట తీసుకున్నాను. కుప్పం ఆమె ఫారం వెతికి, ఊరి పేరు కూడబలుక్కుని చదివాను. కుర్చీలు మండపం వాళ్ళకు అప్పజెప్పి బస్టాండుకు పోయాను. బోర్డు చదివి, ఎవరినీ అడగకుండా కుప్పం బస్సు ఎక్కాను. పలమనేరు దాటేదాకా ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాను. దిగేసరికి ఒక్క ముక్కా గుర్తు లేదు.

కుప్పంలో దిగి ఆటోలో వాళ్ళ పల్లెకు చేరాను. ఆమె తోటలో ఉంది, నడుం వంచి ఆకు కోస్తోంది. వేలికి గుడ్డ లేదు. నన్ను చూసి నిటారుగా లేచింది గానీ రమ్మనలేదు.

"సెప్పింది నేనే," అన్నాను.

"తెలుసు. నీకు తప్ప ఎవురికి తెలుసు?"

"నీ ఉపాయం కూడా సెప్పలా. నిన్న ఆయప్ప అట్లనే చేసినాడు. పెద్దోళ్ళను పిలిసి..."

"సూసినా. ఈడ కూడా కేబులు వస్తాది." ఆమె ఒక రెమ్మ తెంపి గంపలో వేసింది. "బస్సు బోర్డు సదువుకుని వచ్చినావా?"

"సదువుకునే వచ్చినా."

"మంచిది. పోయేటప్పుడు కూడా సదువుకునే పో."

మళ్ళీ వంగి ఆకు కోయడం మొదలుపెట్టింది. నాకు పోబుద్ధి కాలేదు. చెట్టు కింద ఇంకొక ఖాళీ గంప, దానిలో ఒక కొడవలి ఉన్నాయి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఆమె పక్క సాలులో దిగి నేనూ కోశాను. ఆమె వద్దనలేదు, ఉండమనీ అనలేదు. ఒకసారి మాత్రం నా గంపలోకి చూసి, "లేతాకు ఇప్పుడే కొయ్యగూడదు. కింది ఆకు కొయ్యి" అంది. కింది ఆకే కోశాను. గంప నిండాక మోసుకుపోయి పురుగుల షెడ్డు దగ్గర దించి, మధ్యాహ్నం బస్సుకు నడిచాను.